వానకాలపు నెగడు

వర్షకాలమున ఆరుబయట, తలమీద కప్పు లేని చోట, తడిసిన నేలమీద తడిసిన వంటచెఱకుతో నిప్పు రాజవేసి దానిని నెగడుగా నిలుపుకొనుట మానవుని ప్రాచీనములైన విద్యలలో నొకటి. మంచెమీద పంట కావలి కాయు రైతునకును, మందతోడ కొండవాలుల తిరుగు గొఱ్ఱెల కాపరికిని, గోదావరి లంకలలో రాత్రి గడపు పడవవానికిని, తేనెకును వెదురునకును అడవికేగు గిరిజనునకును ఇది నిత్యజీవితములోని పని. వరదలో ఇల్లు విడిచి ఏటిగట్టున తలదాచుకొన్నవారికి ప్రాణాధారము. తడిబట్టతో గాలికి నిలిచినవాని దేహమునుండి వేడి శీఘ్రముగా హరించుకొనిపోవును గావున, ఉష్ణదేశమైన మన సీమలో సైతము ముసురుపట్టిన రాత్రి నెగడు లేకున్న ప్రమాదము కలుగవచ్చును. ఎండలో ఒక్క అగ్గిపుల్లతో అయ్యెడి పని వానలో గంటల తరబడి సాగుట యేల? ఈ ప్రశ్నకు సామాన్యముగా వచ్చు సమాధానము అగ్గిపెట్టె చెమ్మగిల్లినదనియే. నిజమునకు పుల్ల గీయుటకు పూర్వమే, వంటచెఱకు ఏరుటలోను చీల్చుటలోను పేర్చుటలోను, ఆ పని ఫలించునో లేదో నిర్ణయమై యుండును.

కట్టెకు వేడి తగిలినపుడు మొట్టమొదట అందలి నీరు ఆవిరియై పోవును. ఇంచుమించు 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిమ్మట కట్టెలోని పదార్థము విడివడి మండుస్వభావముగల వాయువులను వెలువరించును. 250 మొదలు 300 డిగ్రీల ప్రాంతమున ఆ వాయువులు గాలిలోని ప్రాణవాయువుతో కలసి అంటుకొనును. మన కంటికి జ్వాలగా కానవచ్చునది ఆ వాయువుల దహనమే. వాయువులు పోగా మిగిలిన బొగ్గు జ్వాల లేకయే ఎఱ్ఱగా కాలును. ఈ క్రమమునకు నీరు కల్పించు అడ్డంకి సామాన్యమైనది కాదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కెలోరీ చాలును. కాని నూఱు డిగ్రీలకు కాగిన యదే గ్రాము నీటిని ఆవిరిగా మార్చుటకు ఇంచుమించు 540 కెలోరీలు వ్యయమగును. ఆ నీరు తొలగిపోవువఱకు కట్టెయొక్క ఆ భాగము నూఱు డిగ్రీలను మించి వేడెక్కదు; అంటుకొనుటకో అంతకు రెండున్నర రెట్లకు పైగా కావలెను.

బాగుగా ఆఱిన కట్టె కిలోగ్రాము కాలినచో ఇంచుమించు 4,500 కిలోకెలోరీల వేడి పుట్టును. బరువులో సగము నీరే యైన పచ్చికట్టె కిలోగ్రాము తీసికొన్నచో, అందలి అరకిలో నీటిని 25 డిగ్రీలనుండి కాచి ఆవిరి చేయుటకు మున్నూఱు చిల్లర కిలోకెలోరీలు పోవును. తక్కిన అరకిలో కట్టె కాలినందువలన రెండువేలకు పైగా వచ్చును. లెక్క చూచిన వ్యయముకంటె ఆదాయమే మిక్కుటము. అయినను ఆ కట్టె అంటుకొనకుండుటకు హేతువు, వ్యయమంతయు ముందు చెల్లింపవలసియుండుటయు, ఆదాయము పిదప గాని చేతికి రాకుండుటయు. కొండంత దుంగలో దాగిన వేడి ఆరంభమున ఎవరికిని అక్కఱకు రాదు. ఆరంభమున మన చేతనున్నది ఒక్క అగ్గిపుల్ల. అది కొనవఱకు కాలినను, అందలి వేడి ఒక గ్రాము నీటినైనను పూర్తిగా ఆవిరి చేయజాలదు. కావున మొదటి జ్వాల చెంతకు చేరు ఇంధనము ఒక చుక్క నీరైనను లేనిదిగను, వేడి లోనికి తక్షణము చొచ్చునంతటి సన్ననిదిగను ఉండవలెను. తరువాత చెప్పబోవు ఉపాయములన్నిటికిని మూలమైన న్యాయ మిదియే.

ఇదే లెక్క మఱియొక విషయమును తెలుపును. గంటకు 10 మిల్లీమీటర్ల చొప్పున కురియు వాన చదరపు మీటరు నేలమీద గంటలో 10 లీటర్ల నీటిని పోయును. ఆ నీటినంతను ఆవిరి చేయుటకు కావలసిన వేడి 6,150 కిలోకెలోరీలు. అనగా ఇంచుమించు కిలోన్నర ఎండుకట్టె కాలిన వచ్చునది. గంటకు అయిదాఱు కిలోల కట్టెను మింగుచు నిలద్రొక్కుకొన్న నెగడు అట్టి వానను లక్ష్యపెట్టక మండగలదు. వానకు చచ్చునది పసినిప్పు మాత్రమే. కనుక రక్షణ యంతయు మొదటి పావుగంటకు కావలెను.

తడి యన్నది ఒక్క తీరు కాదు. దీని నెఱుగనివాడు అడవినిండ కట్టె లుండియు నిప్పు లేక కూర్చుండును. వానకు పైపైన తడిసిన ఎండుకొమ్మ చూపునకు నల్లబడి చల్లగా తోచును గాని, బెరడు చెక్కి రెండంగుళములు లోనికి పోయినచో పొడిగనే యుండును. నేలను పడి మాసములు గడచిన దుంగ అట్లు కాదు. మట్టిలోని చెమ్మను క్రిందినుండి పీల్చి, బూజుపట్టి, మెత్తనై, పిండిన నీరు కారుచుండును. అప్పుడే నఱకిన పచ్చికొమ్మలో నీరు కణకణమునను నిండియుండును. పలు జాతులలో ఈ నీటి బరువు కట్టె బరువునకు సమానముగ గాని అంతకు మించిగాని యుండుట కలదు. ఈ మూటిలో మొదటిదే మనకు పనికివచ్చునది. అందుచేత అనుభవజ్ఞుడు నేలచూపు చూడక, తలయెత్తి, నిలువున ఎండిన మోడును, చెట్టునకే పట్టుకొని యెండిన కొమ్మను, క్రిందపడుచు మఱియొక చెట్టు పంగలో చిక్కుకొన్న దానిని వెదకును. విఱిచి చూచుట దీనికి పరీక్ష. టప్పుమని విఱిగినది ఎండినది. వంగి, నారలుగా సాగి, విఱుగక వ్రేలాడునది పనికిరానిది. చేతికి రెండును చల్లగనే తోచునపుడు విఱిచిన ముక్కను చెక్కిలికి ఆనించుకొని చూతురు. లోపలి చెమ్మను చెక్కిలి చేతికన్న ముందుగా కనిపెట్టును.

గాలిలోని తేమకు సైతము ఇందు పాలు గలదు. కట్టె తన చుట్టునున్న గాలితో నిరంతరము చెమ్మను ఇచ్చిపుచ్చుకొనుచుండును. గాలిలో సాపేక్షార్ద్రత 65 శాతమున్నచోట కట్టెలో నిలుచు నీరు దాని పొడిబరువులో ఇంచుమించు 12 శాతము. ఆర్ద్రత 90 శాతమైనచో అది 20 శాతమునకు పెరుగును. శ్రావణభాద్రపదములలో వాన తాకని చూరుక్రింది కట్టెలు సైతము మాఘమున మండినట్లు మండక పొగలుగ్రక్కుట దీనివలననే. అందులో సన్నని పుల్లలును దూదియు పీచును చెమ్మను గంటలలో పీల్చుకొనును. లావు దుంగకు వారములు పట్టును. కనుక ఏనాడో చీల్చి ఉంచుకొన్న పేళ్ళకన్న, దుంగ చేవలోనుండి అప్పటికప్పుడు చీల్చిన పేళ్ళే ముసురులో మేలు.

తెలుగుసీమలో ఈ పనికి ప్రకృతి యొసగిన సామగ్రి సమృద్ధముగ నున్నది. తాడిచెట్టు మొవ్వక్రింద ఎండి వ్రేలాడు పాతమట్టలు, పైనున్న పచ్చియాకు గొడుగువలన తడియక, భోరుమని మండును. కొబ్బరి పీచును చేతులతో నలిపి విడదీసినచో రవ్వకే అంటుకొను ముద్దగా తయారగును. చిప్పలోని చమురు జ్వాలను నిలుపును. మెట్టపొలముల కందికంపయు పత్తికట్టెయు శీఘ్రముగా రగులుకొనునవి గావున, చూరుక్రింద వీనిని దాచియుంచుట రైతుల వాడుక. తీరప్రాంతపు సరుగుడు తోటలు ఈ విషయమున వరప్రసాదములు. పచ్చిగానున్నప్పుడు సైతము బాగుగా కాలు కొలదిపాటి కట్టెలలో సరుగుడు ఒకటి. తుమ్మయు చండ్రయు ఆలస్యముగా అంటుకొన్నను, ఒకసారి అంటుకొన్న పిదప గట్టి కణికలై రాత్రియంతయు వేడి నిలుపును. బూరుగువంటి మెత్తని కట్టె ఎండకాలమున చులకనగా మండునదే యైనను, నీటిని పీల్చుకొను గుణముచేత వానలో నమ్మదగినది కాదు.

వెదురును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. నల్లమలలోను విశాఖ మన్యములోను ఇంతకు మించిన ఇంధనము వర్షకాలమున దొరకుట యరుదు. ఇసుకరాతిలోని పదార్థమునే తన పైపొరలో నింపుకొని నున్ననై మెఱయు వెదురునకు బయటి నీరు లోనికి సులభముగా చొరబడదు. నిలువున ఎండిన బొంగును కత్తితో రెండుగా చీల్చినచో లోగోడ తెల్లగా, పొడిగా బయటపడును. ఆ బద్ద అంచును కత్తిమొనతో అడ్డముగా గీఁకినచో నూలువంటి తెల్లని చూర్ణము రాలును. పిడికెడు చూర్ణమును బద్దక్రింద కుప్పగా నుంచి నిప్పు తగిలించిన వెంటనే అందుకొనును. చీల్చని కణుపును మాత్రము నిప్పులో వేయరాదు. లోపలి గాలియు ఆవిరియు వ్యాకోచించి తుపాకి ప్రేలినట్లు ప్రేలి, నిప్పుకణికలను చుట్టును చిమ్మును.

నీటిని దరికి రానీయని మఱియొక వర్గము బంకలును తైలములును. శ్రీకాకుళము, విశాఖ మన్యముల అడవులలో పెరుగు గుగ్గిలపు చెట్టు స్రవించు బంక తడిలోను మండును. కర్పూరము నీటిపై తేలుచు సైతము మండగలది. బిళ్ళ యొకటి రెండు నిమిషముల స్థిరమైన జ్వాలనిచ్చును గావున, ప్రయాణీకుని మూటలో దానికి చోటుండుట యుక్తము. హిమాలయ సానువుల సరళవృక్షపు మొదటనుండి చీల్చిన పేళ్ళు బంకతో నిండి దివిటీలవలె కాలును. కొమ్మల రాపిడిచే ఆ వృక్షములలో పుట్టు దావాగ్నిని కాళిదాసు మేఘసందేశమున పేర్కొని, దానిని ఆర్పుపని మేఘునకే అప్పగించెను. ఆ పర్వతములందే, ఇంకను ఎత్తున, భూర్జవృక్షము గలదు. దాని పలుచని పట్ట, అందలి తైలప్రాయమైన ద్రవ్యమువలన, నీటిలో ముంచి తీసి దులిపినను అంటుకొనును. ఉత్తర ఐరోపా, అమెరికా ఖండముల అరణ్యవాసులు అనాదిగా వానలో దీనినే ఆశ్రయించిరి.

నిప్పు పుట్టించుట కష్టమైన చోట దానిని చావనీయకుండుటయే పూర్వుల ప్రథమోపాయము. వానలు మెండైన అండమాను దీవుల ఆదివాసులు నిప్పును పుట్టించు విధానమును ఎఱుగరనియు, గుడిసెలలోను ప్రయాణములలోను నివురుగప్పిన దుంగలను ఎడతెగక కాపాడుకొనుచుండిరనియు మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. 1991లో ఆల్ప్సు పర్వతముల మంచులో బయటపడిన, ఇంచుమించు 5,300 ఏండ్లనాటి మనుష్యుని వెంట భూర్జపట్టతో చేసిన పాత్రలుండెను. వానిలో నొకదానియందు పచ్చి ఆకులలో చుట్టిన బొగ్గుతునుకలు కనుపట్టుటచేత, అతడు కణికను మోసికొనిపోవుచుండెనని శాస్త్రజ్ఞులు ఊహించిరి. మన యిండ్లలో రాత్రి కణికలపై బూడిద కప్పి తెల్లవాఱిన పిదప ఊది లేపుటయు, ఊక పోసిన కుంపటిలో నిప్పును దినమంతయు నిలుపుటయు, కిళ్ళీ దుకాణమున చుట్టలు అంటించుకొనుటకై కొబ్బరితాడు కొనను రగిల్చి వ్రేలాడదీయుటయు ఈ ఉపాయముయొక్క రూపాంతరములే. గాలి కొలదిగా సోకునట్లుండిన బొగ్గు జ్వాల లేకయే గంటలకొలది జీవించును.

క్రొత్తగా పుట్టించు విధానములలో మనకు పరమపావనమైనది అరణిమథనము. జమ్మిచెట్టుమీద మొలచిన రావియొక్క కొయ్యతో అరణులను చేయవలెనని శాస్త్రము. పురూరవుని కథలో శతపథబ్రాహ్మణము దీనికి కారణమును చెప్పుచున్నది. 1975లో కేరళయందలి పాంజాలులో జరిగిన అతిరాత్రయాగమున ఈ రీతిగనే అగ్నిని మథించిరి. రాపిడివలన పుట్టిన సన్నని పొడి నల్లబడి, కుప్పయై, తనంతట రగులుకొనుట ఇందలి రహస్యము. చెమ్మ తగిలిన కొయ్య ఎంత త్రిప్పినను ఆవిరినే గాని కణికను ఈయదు గావున, వానలో అరణి మిక్కిలి దుర్ఘటము. అరణులను గుడ్డలో చుట్టి కాపాడుట ఇందుచేతనే అవసరము. మలయా ద్వీపములందును ఆగ్నేయాసియాలోని ఇతర ప్రాంతములందును ఇంతకన్న విచిత్రమైన సాధనము వాడుకలో నుండెను. ఒక చిన్న గొట్టములోనికి కఱ్ఱకడ్డీని ఒక్కపెట్టున దిగగొట్టినచో, లోని గాలి అణగి, ఆ అణగుటచేతనే మిక్కిలి వేడెక్కి, కొననున్న దూదిని అంటించును. గొట్టమునకు లోగాలి చాలునుగావున బయటి వాన దానినేమియు చేయజాలదు. తేమ నిండిన దేశములలో అది పుట్టుట ఎంతయు సముచితముగ నున్నది.

చెకుముకిలో మండునది రాయి కాదు. రాతి పదునుచే గీఁకబడిన ఉక్కు తునుకలు గాలిలో తామే మండుచు రవ్వలగును. ఉక్కుకును రాతికిని తడిచే వచ్చు చేటు అల్పము; చెమ్మగిల్లినచో పాడగునది దూది. కనుక మాడ్చిన దూదిని మూతగల గొట్టములోనో, చెకుముకి సంచి యడుగుననో దాచెడివారు. ఆంగ్లేయుడైన జాన్ వాకరు 1827లో రాపిడి అగ్గిపుల్లల నమ్ముట ప్రారంభించెను. స్వీడనుదేశస్థుడు పాష్ 1844లో ఎఱ్ఱభాస్వరమును పెట్టె ప్రక్కకు మార్చు పద్ధతిని కనుగొనెను. లుండ్‌స్ట్రోమ్ సోదరులు దానిని మెఱుగుపఱచి 1855లో పారిసు ప్రదర్శనమున చూపిరి. మన దేశమున ఈ పరిశ్రమకు ప్రధానస్థానమైన శివకాశిలో ఇది 1923లో అయ్యనాడారు, షణ్ముగనాడారులచే నెలకొల్పబడెను. ఈ పుల్ల తలను పట్టియుంచునది జిగురు. చెమ్మకు జిగురు మెత్తబడి, గీచినపుడు తల రాలిపోవును. పెట్టె ప్రక్కనున్న పూత నానినచో పుల్లలెంత పొడిగానున్నను నిష్ప్రయోజనము. పుల్లల తలలను కరగిన మైనములో ముంచుటయు, పెట్టె ప్రక్కను కత్తిరించి పుల్లలతోపాటు బిగుతుమూత సీసాలో దాచుటయు సులభమైన నివారణోపాయములు. 1903లో ఆవర్ వాన్ వెల్స్‌బాఖ్ కనుగొన్న ఫెర్రోసీరియము కడ్డీ నీటిలో మునిగినను, తుడిచి గీఁకినంతనే మిక్కిలి వేడియైన రవ్వలను రాల్చును. నేటి సైనికులును పర్వతారోహకులును దానినే వెంటనుంచుకొందురు.

ఇక పేర్పు. చోటు కొంచెము మెరకగ నుండవలెను; చెట్టుక్రింద పనికిరాదు, వాన వెలిసిన పిమ్మటను ఆకుల చుక్కలు గంటసేపు రాలుచునే యుండును. తడి ఆకులను తొలగించి, చీల్చిన పేళ్ళను, చీలిన ముఖము పైకి వచ్చునట్లు, జతజతగా పఱచి అరుగువలె చేయవలెను. దీనిని మఱచినవారి నిప్పు పైవానకు కాదు, క్రింది నేలకే చచ్చును. పైకప్పునకు గొంగడియైనను, తాటాకు గొడుగైనను, నలుగురు పట్టిన దుప్పటియైనను చాలును. ఖాండవవనమును అగ్ని దహించునపుడు ఇంద్రుని వానను అర్జునుడు శరములు పందిరిగా అల్లి అడ్డెనని భారతకథ. నిప్పునకు కప్పు ప్రథమావశ్యకమని మనవారు ఎఱిగియుండిరనుటకు అంతకన్న తార్కాణ మేల?

చితుకులను మందమునుబట్టి వేఱువేఱు కుప్పలుగా ముందే అమర్చుకొనవలెను: అగ్గిపుల్లంతటివి రెండు గుప్పెళ్ళు, చిటికెనవ్రేలంతటివి చేతినిండ, బొటనవ్రేలంతటివి ఒక మోపు, మణికట్టంతటివి ఆ వెనుక. ప్రతి మందము తనకన్న పైదానిని ఆఱబెట్టి అంటించును. నడుమ నొక మెట్టు తప్పినచో జ్వాల అక్కడనే నిలిచిపోవును. 1908నాటి బేడెన్ పొవెలు స్కౌటు విద్యలో, రెండు పుల్లలకు మించక ఆరుబయట నిప్పు వేయుట ద్వితీయశ్రేణి బాలచరునికి పరీక్షగా నుండెను. పుల్లల కొఱత పిల్లలను ఏఱుటయందు శ్రద్ధాళువులను చేయును. ఇది చక్కని బోధనాపద్ధతి. సన్నని పేడు ఒకదానిని తీసికొని, దానినుండి ఊడిరానీయక పలుచని రేకులను వరుసగా కత్తితో చెక్కి కుచ్చువలె చేయుదురు. అట్టి కుచ్చులు మూడు నాలుగున్నచో కాగితముతో పనిలేదు.

నిప్పు అందుకొన్న వెంటనే పైన కట్టెలు పేర్చుటకు చేయి తొందరపడును. ఆ తొందరను అణచుకొనవలెను. జ్వాల ఏ వైపునకు వంగుచున్నదో చూచి, ఆ వైపుననే ఒక్కొక్కటిగా చితుకులను అందింపవలెను. ఊదుటకు ఊదుగొట్టమును మించినది లేదు. మూరెడు ఇనుపగొట్టమో, కణుపులు తొలచిన వెదురో నోట నుంచుకొని, రెండవ కొనను కణికల అడుగునకు చేర్చి, బుగ్గలనుండి గాక పొట్టనుండి సన్నగా, దీర్ఘముగా ఊదినచో, ఎఱుపు మొదట నారింజయై, పిదప పసిమియై, తుదకు జ్వాల లేచును. పొగ తెల్లగా, దట్టముగా, నేలబారున ప్రాకుచున్నంతసేపు కట్టెలోనుండి ఇంకను నీరే పోవుచున్నదని అర్థము. అది పలుచబడి నీలిమ పొడచూపినప్పుడు నెగడు స్వాధీనమైనది. అప్పుడు పెద్ద తడికట్టెలను మంటలో వేయక, మంటచుట్టును దడివలె నిలువబెట్టవలెను. కొనలనుండి బుసబుసమని నీరు నురుగుగా కారి అవి ఆఱుచుండగా, ఆఱినవి లోనికి, తడివి వెలుపలికి మార్చుకొనవచ్చును.

కిరసనాయిలు పోసినచో పని తీరునను విశ్వాసము విస్తారముగ నున్నది. తడికట్టెపై పోసిన చమురు తాను ఘనమైన జ్వాలతో మండి, కట్టెను నల్లబఱచి, ఆఱిపోవును. లోని నీరు లోననే యుండును. పిడకముక్కనో గుడ్డపేలికనో చమురులో నానబెట్టి పేర్పు అడుగున నుంచుట వివేకము, నెమ్మదిగా కాలి ఆఱబెట్టును గావున. కణికలపై చమురు పోయుటయు, పెట్రోలును ఏ విధముగనైనను వాడుటయు ప్రాణాంతకములు. ఆవిరి ముందు వ్యాపించి, మంట చేతిలోని డబ్బావఱకు ప్రాకును.

మఱికొన్ని ప్రమాదములు గుడారములకును గుహలకును సంబంధించినవి. వాన తప్పించుకొనుటకై కణికలను గుడారము లోనికి తెచ్చుకొని తెరలు దించినచో, బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే, నిదురలోననే చంపును. ఏటిలోని నానిన రాళ్ళను పొయ్యిరాళ్ళుగా పెట్టరాదు; లోని నీరు ఆవిరియై అవి పగులవచ్చును. గన్నేరు విషవృక్షము గావున దాని పుల్లలను వంటకు వాడరాదు. నల్లజీడి పొగ కంటికిని చర్మమునకును కీడు. రక్షితారణ్యములలో అనుమతి లేక నిప్పు వేయుటను 1927నాటి భారతీయ అరణ్యచట్టమును, 1967నాటి ఆంధ్రప్రదేశ్ అరణ్యచట్టమును నిషేధించుచున్నవి. వానకాలమున అడవి అంటుకొనదను ధీమాతో నెగడును ఆర్పక విడుచుట కూడదు. తొఱ్ఱదుంగలోను ఎండువేరులోను చేరిన నిప్పు బయటికి కానరాక దినములకొలది ప్రాకి, ఎండ కాసిన తరువాత మఱియొక చోట లేచును. నీరు పోసి, కలియద్రొక్కి, మరల నీరు పోసి, బూడిదలో చేయి యుంచి చూచి, అడుగువఱకు చల్లబడినదని రూఢి చేసికొన్న మీదటనే ఆ చోటు విడువవలెను.